మార్పులు లేవు

జూన్ 27, శుక్రవారం

నలభై మూడు స్లిప్పులకీ సంతకాలు పెట్టేసరికి బొటనవేలు వాచింది. రేపు బోర్డు మీటింగు.

మా బ్యాంకుకి నలభై మూడు పాలసీలు. లాకర్లకొకటి, కంప్యూటర్లకొకటి, వరదలకొకటి, ఆఖరికి పాత కాగితాలు ఎలా పారేయాలో దానికీ ఒకటి. ఏడాదికోసారి ప్రతిదాన్నీ బోర్డు మళ్ళీ చదివి ఆమోదించాలని పైవాళ్ళ నియమం. చదవడం అంటే మా దగ్గర నేను అట్ట మీద సంవత్సరం మార్చడం. ఆ తర్వాత ఒక్కోదానికీ ఒక స్లిప్పు గుచ్చుతాను: "కిందటి ప్రతితో పోల్చి చూశాను. మార్పులు లేవు. సారిక, బోర్డు సెక్రటరీ." పోల్చి చూసేంత తీరిక ఉంటే బీరువా సర్దుకునేదాన్ని.

గోదావరి మధ్య లంకలో ఉన్న మా బ్రాంచి మేనేజరు ఉదయభాస్కర్ నుంచి ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. వరద పాలసీలో తొమ్మిదో నిబంధన మార్చాలట. "మేనేజరు రాతపూర్వక అనుమతి లేకుండా గార్డు బ్రాంచి ఆవరణ వదలరాదు" అని ఉంది. దాని బదులు, వరద మొదటి హెచ్చరిక రాగానే గార్డు వెళ్ళిపోవాలి అని పెట్టమంటాడు. మంచివాడే గానీ ఉత్తరాలు రాసే జబ్బు ఉంది. ఒక్క ముక్క మార్చాలంటే పోలిక పట్టిక, లాయరు అభిప్రాయం, ముందు కమిటీ, తర్వాత బోర్డు. రేపటికి ఎలా అవుతుంది? జనరల్ మేనేజరు సుధాకర్ గారికి చూపించాను. "వచ్చే ఏడాది చూద్దాంలెండి మేడం" అన్నారు. పక్కన పెట్టాను.

జూన్ 28, శనివారం

పాలసీలకు పదకొండు నిమిషాలు. పెసరట్టు ఉప్మాకి ఇరవై ఐదు.

చైర్మన్ చంద్రరావు గారు ఎప్పటిలాగే కట్ట మీద చెయ్యి వేసి, "ఏమైనా మార్చావా అమ్మా?" అన్నారు. "లేదండి, సంవత్సరం ఒక్కటే" అన్నాను. "అయితే పాస్" అన్నారు. డైరెక్టర్లు అల్లం పచ్చడి గురించి మాట్లాడుకుంటూ చేతులెత్తారు.

ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. నాకేం బాధ లేదు. ఈ ఏటికి గండం గడిచింది.

జూలై 2, బుధవారం

ఆమోదమైన పాలసీలు సిబ్బందికి చదివించి సంతకాలు తీసుకోవాలి. చదువు రానివాళ్ళకు చదివి వినిపించాలి. ఊళ్ళో బ్రాంచీలకు మెయిల్ పెట్టి ఊరుకుంటాను గానీ, లంకకి నేనే వెళ్ళాను. పంటు మీద గోదావరి దాటడం నాకు సరదా. ఏడాదికి ఒక్కసారైనా ఆ గాలి తగలాలి.

గార్డు చిట్టియ్యకి వేలిముద్రే. యాభై దాటాయి. ఖాకీ చొక్కాకి ఇస్త్రీ పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి, పది నిబంధనలూ బడిపిల్లాడిలా విన్నాడు. నా ఉద్యోగంలో నేను రాసిన కాగితాన్ని అంత శ్రద్ధగా విన్న మనిషి ఇంకొకరు లేరు. "ఆ తొమ్మిదోది ఇంకోసారి చదవండమ్మగారూ" అన్నాడు. చదివాను. "ఆ పేజీ ఒకటి నాకిప్పించండి, మా ఆవిడ దగ్గర దాచుకుంటాను" అన్నాడు. జిరాక్సు తీసి కింద పొట్టి సంతకం పెట్టి, తేదీ వేసి, స్టాంపు కొట్టి ఇచ్చాను. ఏదో సందేహం అడిగాడు, ఏదో చెప్పాను, నవ్వుకున్నాం.

వచ్చేటప్పుడు ఒక అరటిగెల పంటు దాకా మోసుకొచ్చి పెట్టాడు. చక్కెరకేళి. మా అమ్మాయి హేమశ్రీకి ఇష్టం.

జూలై 8, మంగళవారం

మా ఆయన శ్యాంబాబు ఉద్యోగం కోసం ఇంకో కాలేజీకి వెళ్ళొచ్చాడు. మళ్ళీ పిలుస్తామన్నారట. మే నెలలో తీసేసిన దగ్గర్నుంచి ఇది ఐదోది. అన్నం సగంలోనే లేచిపోయాడు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోందని నేనెప్పుడూ అనలేదు. అనకపోయినా తెలుస్తూనే ఉంటుంది కాబోలు.

జూలై 11, శుక్రవారం

ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక ఇచ్చారు. ఏటా ఉండేదే.

జూలై 12, శనివారం

పొద్దున్నే రెండోది కూడా ఇచ్చారు. మధ్యాహ్నం ఉదయభాస్కర్ ఫోన్ చేశాడు. మామగారి పెద్దకర్మకని నిన్ననే నిడదవోలు వెళ్ళాడట. "మేడం, లంక ఖాళీ చేస్తున్నారండి. చిట్టియ్య రానంటున్నాడు. నోటితో చెప్పాను, తాళాలేసి వచ్చెయ్ రా బాబూ అని. కాగితం పంపండి సార్ అంటాడు. వాట్సాప్‌లో పెడదామంటే వాడిది బటన్ ఫోను."

"మళ్ళీ గట్టిగా చెప్పండి. నీళ్ళు చూస్తే వాడే వచ్చేస్తాడు" అన్నాను.

వాన. శ్యాంబాబు మిరపకాయ బజ్జీలు వేశాడు. బాగా కుదిరాయి.

జూలై 13, ఆదివారం

లంకలో ఫోన్లు కలవడం లేదట. టవరు పోయి ఉంటుంది.

జూలై 14, సోమవారం

చిట్టియ్య పోయాడు.

జూలై 15, మంగళవారం

ఆవరణ గోడ కూలి నీళ్ళు ఒక్కసారి లోపలికి వచ్చాయట. శనివారం సాయంత్రం ఆఖరి పడవ బ్రాంచి ముందు నుంచే వెళ్ళింది. పడవవాళ్ళు కేకలేశారు. గేటు దగ్గరే నిలబడి, "మేనేజరుగారి కాగితం రావాలండి, మీరు పదండి" అన్నాడట. నిన్న నీళ్ళు కాస్త తగ్గాక గేటుకీ జామచెట్టుకీ మధ్య దొరికాడు. తాళంచెవులు మొలతాడుకి కట్టుకుని ఉన్నాడు.

ఉదయభాస్కర్ ఫోన్‌లో ఏడ్చాడు. "నేను రాశాను కదా మేడం, ఆ ఉత్తరం" అన్నాడు. రెండుసార్లు అన్నాడు. నేను విన్నాను.

జూలై 16, బుధవారం

చంద్రరావు గారు పిలిపించారు. సుధాకర్ గారూ ఉన్నారు.

"కూర్చోమ్మా సారికా." పదకొండేళ్ళలో ఆయన నన్ను కూర్చోమన్నది ఇదే. "ఆ ఉత్తరం జూన్‌లోనే వచ్చిందంట కదా?"

"అవునండి."

"మరి మనం ఇరవై ఎనిమిదిన మాట్లాడుకున్నాం కదమ్మా. మొదటి హెచ్చరిక రాగానే గార్డు వెళ్ళిపోవాలి, అని. నాకు గుర్తుంది. నీకు గుర్తు లేదా?"

నేను సుధాకర్ గారి వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూశారు.

"మినిట్స్ ఇంకా ఖరారు కాలేదుగా?"

"లేదండి. వచ్చే మీటింగులో సంతకాలవుతాయి."

"అయితే ఇంకేంటమ్మా. నువ్వు రాయడం మర్చిపోయావు, అంతే. ఆడపిల్లవి, ఇంట్లో వంద పనులుంటాయి."

బయటికొచ్చాక సుధాకర్ గారు మెల్లగా అన్నారు. "రేపు ఎవరైనా వచ్చి అడిగితే ముందు బయటపడేది మీ స్లిప్పే మేడం. పోల్చి చూశాను, మార్పులు లేవు. కింద సంతకం మీదే. ఆలోచించుకోండి."

జూలై 18, శుక్రవారం

రాశాను.

తప్పేముంది? ఖరారు కాని మినిట్స్ చిత్తుప్రతి కిందే లెక్క. చిత్తుప్రతి సరిచేయడం నా పని. పైగా కొత్త నిబంధన మంచిది. ఉదయభాస్కర్ కోరింది అదేగా. ముందే పెట్టాల్సింది ఇప్పుడు పెట్టాను. ఇక మీదట ఏ గార్డూ అలా మిగిలిపోడు. ఒక మంచి పని కాస్త ఆలస్యంగా చేశానంతే.

వరద పాలసీకి కొత్త స్లిప్పు గుచ్చాను. పాత స్లిప్పు, పాత కాగితాలు పారేసే పాలసీ ప్రకారం, కాగితాలు ముక్కలు చేసే మిషన్‌లో వేశాను. ఆ పాలసీ మాత్రం అక్షరాలా పాటించాను.

చిట్టియ్య వేలిముద్ర ఉన్న షీటు మార్చక్కర్లేదు. అందులో "పాలసీ చదివి వినిపించబడినది" అని మాత్రమే ఉంది. ఏ పాలసీ అని లేదు.

జూలై 19, శనివారం

వచ్చే మీటింగు దాకా ఆగొద్దన్నారు చైర్మన్. మినిట్స్ పుస్తకం పట్టుకుని నేనే డైరెక్టర్ల దగ్గరకు తిరిగాను. మా బ్యాంకులో అది అలవాటే. ఒకాయన రైసుమిల్లులో తవుడు దులుపుకుని సంతకం పెట్టాడు. ఒకాయన కొబ్బరి వలిపిస్తూ అక్కడే బస్తా మీద పెట్టాడు. ఆస్పత్రిలో ఉన్నాయనకి చేతికి సెలైన్ ఉంటే ఎడమచేత్తో పెట్టాడు. కడియం నర్సరీ ఆయన నీళ్ళ పైపు పక్కన పడేసి పెట్టి, పోతూ పోతూ గులాబీ అంటు ఒకటి చేతిలో పెట్టాడు.

"ఏంటమ్మా ఇది?" అని అడిగింది ఒక్కరే.

"మినిట్స్ అండి."

"ఓహో" అన్నారు.

తొమ్మిది సంతకాలు. తిలాపాపం తలా పిడికెడు. నా పిడికిలి కాస్త పెద్దది, అంతే.

గులాబీ అంటు బాల్కనీలో పెట్టాను.

జూలై 24, గురువారం

చిట్టియ్య భార్య వీరదుర్గ పెట్టుకున్న అర్జీకి సుధాకర్ గారు జవాబు తయారుచేసి, సరిచూడమని నాకు పంపారు. చదివాను. మళ్ళీ చదివాను.

"బ్యాంకు పాలసీ ప్రకారం మొదటి హెచ్చరిక రాగానే గార్డు వెళ్ళిపోవలసి ఉన్నది. మేనేజరు ఫోన్‌లో కూడా చెప్పి ఉన్నారు. అయినను అతడు తన ఇష్టంతో ఆగినాడు. కావున ఇది విధి నిర్వహణలో సంభవించిన మరణం కాదు." కాబట్టి పరిహారం లేదు. ఆవిడ అడిగిన అటెండరు ఉద్యోగం లేదు. లంకలో వాళ్ళున్న క్వార్టరు కూడా ఖాళీ చేయాలి.

మంచి నిబంధన అని నేను రాసిందే చిట్టియ్యని మూర్ఖుణ్ణి చేసింది. చెప్పినా వినకుండా చచ్చాడని.

ఇలా వాడతారని నాకు తెలియదు.

"కావున" తర్వాత కామా పెట్టి పంపేశాను.

ఆగస్టు 1, శుక్రవారం

వీరదుర్గ వచ్చింది. గార్డు సామాను తిరిగి ఇచ్చి రశీదు తీసుకోమని బ్యాంకు నుంచి వెళ్ళిన కాగితం ఆమె చేతిలో ఉంది. అది కూడా నేను టైపు చేసిందే.

టేబుల్ మీద ఒక్కొక్కటీ పెట్టింది. రెండు జతల ఖాకీ బట్టలు, ఉతికి మడత పెట్టినవి. టార్చిలైటు. విజిలు. బెల్టు. ఆఖర్న జాకెట్టులోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఆ పేజీ ఉంది. నా పొట్టి సంతకం, జూలై రెండు, స్టాంపు.

"ఇదీ బ్యాంకుదే కదండి. తడిసిపోద్దని నా దగ్గర దాచమన్నారు. వరదకి గట్టు మీదకి వెళ్ళినప్పుడు కూడా నాతోనే ఉందండి."

కవరు తిప్పి చూశాను.

"మీరంటే ఆయనకి ఎంత గౌరవమో అండి. కాగితం వచ్చేదాకా కదలొద్దని మేడంగారు స్వయంగా చెప్పారే అని ఇంట్లో నాలుగైదుసార్లు చెప్పుకున్నారు. ఎవరో ఒకరు తన డ్యూటీ గురించి అంత దూరం వచ్చి చెప్పారని గొప్పగా ఉండేదండి."

అలా అన్నానా? గుర్తు లేదు.

రశీదు రాశాను. బట్టలు రెండు జతలు, టార్చి ఒకటి, విజిలు ఒకటి, బెల్టు ఒకటి. చదువురాని మనిషి. రశీదు కళ్ళకద్దుకుని మడిచి పెట్టుకుంది. ఆమెకి బస్సు చార్జీలకని రెండు వందలు ఇవ్వబోతే వద్దంది. "క్వార్టరు మాత్రం ఈ ఏడాదికి ఉండనిస్తే చాలని చెప్పండమ్మా పెద్దాయనకి. పిల్లోడి పదో తరగతి అయిపోద్ది" అంది.

ఆ పేజీని ఈ డైరీలో పెట్టాను. ఆఫీసులో పెడితే ఎవరి కంటనైనా పడుతుంది. ఇక్కడైతే భద్రం.

ఆగస్టు 3, ఆదివారం

చర్చిలో ఇవాళ ప్రభురాత్రి భోజనం. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి నేను లేవలేదు. కడుపులో బాగాలేదని శ్యాంబాబుతో చెప్పాను. నా వైపు ఒకసారి చూసి, తనొక్కడే వెళ్ళొచ్చాడు.

ఆగస్టు 9, శనివారం

గులాబీ చిగురు వేసింది.

ఆగస్టు 12, మంగళవారం

లంకలో ఎవరో చదువుకున్న కుర్రాళ్ళు వీరదుర్గ చేత లేబరు ఆఫీసులో అర్జీ పెట్టించారు. 20న కాకినాడలో విచారణ. బ్యాంకు తరఫున మినిట్స్ పుస్తకం పట్టుకుని బోర్డు సెక్రటరీ హాజరు కావాలి.

"ఉన్నది ఉన్నట్టు చదివి వచ్చెయ్ అమ్మా" అన్నారు చైర్మన్.

ఉన్నది ఉన్నట్టు!

ఆగస్టు 20, బుధవారం

వెళ్ళాను. చదివాను. వచ్చాను.

ఆగస్టు 21, గురువారం

నిన్నటిది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. రాసినా పట్టేలా లేదు.

మినిట్స్ ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి ఆవిడకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పమన్నారు ఆఫీసరు గారు. నిలబడి చెప్పాను. "వరద మొదటి హెచ్చరిక రాగానే గార్డు బ్రాంచి వదిలి సురక్షిత ప్రాంతానికి వెళ్ళిపోవాలి." నా గొంతు బాగానే ఉంది. పదకొండేళ్ళుగా బోర్డులో చదివిన గొంతే.

వీరదుర్గ లేచింది. "అలా రాసుంటే ఆయన వచ్చేసేవారండి" అంది. గట్టిగా కూడా అనలేదు. "కాగితంలో ఎలా ఉంటే అలా చేసే మనిషండి. వెళ్ళిపో అనుంటే అందరికంటే ముందు గట్టెక్కేవారు. మేడంగారే చదివి వినిపించారండి ఆయనకి. అడగండి."

ఆఫీసరు గారు నా వైపు తిరిగారు. "మీరేనా చదివింది?"

"అవునండి."

"ఇదేనా?"

"అవునండి."

రెండో "అవునండి" ఎలా వచ్చిందో తెలియదు. మొదటిదాని వెనకే వచ్చేసింది.

తర్వాత ఆమెను అడిగారు. "నీ భర్తకి బ్యాంకువాళ్ళు కాగితమేదైనా ఇచ్చారామ్మా? నీ దగ్గరేమైనా ఉందా?"

వీరదుర్గ నన్ను చూసింది. చాలాసేపు చూసినట్టు అనిపించింది. తర్వాత, "నా దగ్గరేం లేదండి" అంది.

నా బ్యాగు ఒళ్ళో ఉంది. బ్యాగులో ఈ డైరీ ఉంది. ఇంట్లో పెడితే ఎవరైనా చూస్తారని ఈ మధ్య వెంటే తీసుకెళ్తున్నాను.

సెప్టెంబరు 4కి వాయిదా వేశారు. ఆ రోజు తేల్చేస్తామన్నారు.

ఆగస్టు 22, శుక్రవారం

ఎందుకలా చెప్పింది? బ్యాంకుకి ఇచ్చేశానని ఒక్క మాట అంటే సరిపోయేది.

ఆగస్టు 24, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు.

ఆగస్టు 27, బుధవారం

వచ్చే నెల నుంచి నాకు ప్రమోషనట. డిప్యూటీ జనరల్ మేనేజరు. సుధాకర్ గారే చెప్పారు. శ్యాంబాబుకి చెప్తే చాలా రోజుల తర్వాత నవ్వాడు. హేమశ్రీ కేక్ తెచ్చింది. కోశాను. తిన్నాను కూడా.

ఆగస్టు 29, శుక్రవారం

రేపు వెళ్ళి ఇచ్చేస్తాను.

ఆగస్టు 30, శనివారం

వాన. పంటు ఆపేశారు.

ఆగస్టు 31, ఆదివారం

పంటు నడుస్తోందని తెలిసింది. నిన్న కూడా నడిచిందట.

సెప్టెంబరు 2, మంగళవారం

సెలవు పెట్టి లంకకి వెళ్ళాను.

బ్రాంచి గోడ మళ్ళీ కట్టేశారు. సున్నం కూడా వేశారు. జామచెట్టు ఉంది. వెనక క్వార్టరులో వీరదుర్గ సామాను మూటలు కడుతోంది. పదిహేనో తేదీ కల్లా ఖాళీ చేయాలి. నన్ను చూసి మూట వదిలేసి, పీట వేసి, చీరకొంగుతో తుడిచింది.

డైరీ తెరిచి ప్లాస్టిక్ కవరు ఆమె చేతిలో పెట్టాను.

కాసేపు దాన్నే చూసింది. చదవలేదు, రాదు. కానీ గుర్తుపట్టింది. స్టాంపు మీద వేలు పెట్టింది.

"ఇన్నాళ్ళూ మీ దగ్గరే ఉందాండి?"

"ఉంది."

"కాకినాడలో కూడానా?"

"బ్యాగులో ఉంది."

"మీరే తీసి చూపిస్తారని చూశానండి" అంది. "నేను ముందే అనేస్తే, కాగితం దాచారని మీకు మాట వస్తాదని ఊరుకున్నాను. ఆయన మీ పేరు అంత బాగా చెప్పేవారు మరి."

తిట్టలేదు. తిడితే బాగుండును. చిట్టియ్య ఆఖరి పడవ దగ్గర అన్న మాట ఇంకోటి కూడా చెప్పింది. పడవవాళ్ళలో ఎవరో, "నీ బ్యాంకు తగలెయ్య, ఎవరు చూడొచ్చార్రా, ఎక్కు" అన్నారట. దానికి చిట్టియ్య, "చూడకపోతే మాత్రం, విన్నాను కదండి" అన్నాడట.

వీరదుర్గ టీ పెట్టింది. తాగాను. వేడిగా ఉన్నా తెలియలేదు. లేచేటప్పుడు ఆ కవరు మళ్ళీ నా చేతికే ఇచ్చింది.

"నా దగ్గరుంటే ఏం లాభమండి. చదివేది మీరే కదా."

పంటు మీద నిలబడి ఏడ్చాను. సైకిలు పట్టుకుని నిలబడ్డ ఒకావిడ, "ఊరుకోండమ్మా, ఎవరు పోయారు?" అంది. మా గార్డు అన్నాను.

సెప్టెంబరు 3, బుధవారం

పొద్దున్న శ్యాంబాబుకి అంతా చెప్పాను. డైరీ ఇచ్చి చదవమన్నాను. వంటింట్లో నిలబడే చదివాడు. చదివాక పప్పులో ఉప్పు వేశాడు, మళ్ళీ వేశాడు. "నీ ఉద్యోగం పోతుంది" అన్నాడు. "ఊఁ" అన్నాను. "కేసు కూడా పెడతారేమో." "ఊఁ." స్టవ్ ఆపి, "రేపు నేనూ వస్తాను, పొద్దున్న బస్సుకి" అన్నాడు. ఆ పప్పు ఎవరమూ తినలేకపోయాం.

ఆ ఒక్క పేజీ చాలదు. అది పాత ప్రతిలోదని, బోర్డు అంతకుముందే మార్చేసినా నేను పొరపాటున పాతది చదివానని చైర్మన్ గారు అంటారు. ఎప్పుడు మార్చారో, ఎలా మార్చారో, గులాబీ అంటుతో సహా ఉన్నది ఈ డైరీలోనే. అందుకని రేపు ఇదీ ఇచ్చేస్తాను.

ఇచ్చే ముందు మొదటి నుంచి చదివాను. ఏ పాలసీనైనా ఇలా చదివి ఉంటే బాగుండేది. ఇందులో అబద్ధాలున్నాయి. జూన్ 27న సుధాకర్ గారికి ఉత్తరం చూపించానని రాశాను. చూపించలేదు. వచ్చే ఏడాది చూద్దాంలే అని నాకు నేనే అనుకుని, ఆయన పేరు పెట్టి రాశాను. ఎవరూ చదవని డైరీలో కూడా. జూలై 24న, ఇలా వాడతారని నాకు తెలియదని రాశాను. చంద్రరావు గారు కూర్చోమన్నప్పుడే తెలుసు.

జూలై 2న చిట్టియ్య ఏదో అడిగాడు, ఏదో చెప్పాను అని రాశాను. ఏం అడిగాడో గుర్తుంది. "మేనేజరుగారు ఊళ్ళో లేనప్పుడు వరదొస్తే, ఫోన్‌లో రమ్మంటే రావొచ్చాండి అమ్మగారూ?" అన్నాడు. పంటు వెళ్ళిపోతుందని నేను తొందరలో ఉన్నాను. "రాతపూర్వకం అనుంది కదయ్యా. కాగితం వచ్చేదాకా కదలకు" అన్నాను. నవ్వుతూనే అన్నాను. అతనూ నవ్వాడు. "ఆయ్, అలాగేనండి" అన్నాడు.

ఆ చోట్లు కొట్టేయాలనిపించింది. మినిట్స్ పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదని కొత్తగా చేరిన గుమాస్తాలకు నేనే చెప్తుంటాను. అలాగే ఉంచేశాను.

మినిట్స్ పుస్తకానికి వేసినట్టే పేజీలకు అంకెలు వేశాను. ఒకటి నుంచి నలభై ఒకటి. ప్రతి పేజీ కింద పొట్టి సంతకం. చిట్టియ్య పేజీ ఇరవై రెండుకీ ఇరవై మూడుకీ మధ్య ఉంది.

మొదటి నుంచి చివరి దాకా చదివి చూశాను. మార్పులు లేవు.

సారిక